నేను పుట్టించిన ట్యాంకరు

మొన్న ఎన్నికల ప్రచారం ఆఖరి వారంలో, మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చుదామని చాప పరుచుకున్నానో లేదో, మా గేటు ముందు ఒక ప్రచారపు ఆటో వచ్చి ఆగింది. ఆటో ఆగింది, డ్రైవరు టీ తాగడానికి దిగాడు, దాని గొంతు మాత్రం ఆగలేదు. ఎక్కడో స్టూడియోలో కూర్చుని ఎవరో చదివిన తియ్యటి ఆడ గొంతు ఒకటి, ఇంటింటికీ అది ఇస్తాం, వీధివీధికీ ఇది వేస్తాం అని నాలుగు నిమిషాలు చెప్పడం, మధ్యలో డప్పు మోత, మళ్లీ మొదటి నుంచి అదే. మూడోసారి కూడా విన్నాక నేను లేచి వెళ్లి, టీ కొట్టు దగ్గర నిలబడ్డ డ్రైవరును పట్టుకుని, నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనుషులున్నారు ఈ వీధిలో, జర ఆపరాదా బాబూ అని అడిగాను.

"ఆపుడు నా చేతిల లేదు సార్. పెన్ డ్రైవు వాళ్లే పెట్టిండ్రు. నేను బండి నడుపుత, గంతే."

"మరి అది చెప్పేవన్నీ చేస్తరా?"

"ఏం చెప్తున్నదో నేనెన్నడు ఇనలే సార్," అన్నాడు ఆ మనిషి, నిజాయితీగానే.

పొద్దున్నుంచి అదే బండిలో, అదే గొంతు పక్కన కూర్చుని తిరుగుతున్న మనిషి ఒక్కసారి కూడా అదేం చెబుతోందో వినలేదట. నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు, ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. చాప మీద పడుకుని ఫ్యాను చూస్తూ, నా ఈడువాళ్లు ఎవరైనా పక్కన ఉంటే బాగుండు, వాళ్లకైతే ఈ కోపం అర్థమవుతుంది అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

పాతికేళ్ల కిందట ఆ పెన్ డ్రైవు చేసే పని నేను చేసేవాణ్ణి. మీకు గుర్తుండాలి, అప్పట్లో ప్రచారమంటే ఒక ఆటో, ఆటో మీద రెండు మైకులు, వెనక సీట్లో బ్యాటరీ, బ్యాటరీ పక్కన ఒక మనిషి. ఆ మనిషిని నేనే. నస్పూర్‌లో నేను మైకు పట్టుకుంటే శ్రీరాంపూర్‌లో పెళ్లి మంత్రాలు ఆగిపోయేవని, గోదావరి అవతలి ఒడ్డున మేసే బర్రెలు నా గొంతు వినగానే ఇంటిదారి పట్టేవని జనం చెప్పుకునేవారు. అంటే ముందు నేను చెప్పేవాణ్ణి, తర్వాత వాళ్లు చెప్పుకునేవారు. ఒకసారి మైకు చెడిపోతే ఆసిఫాబాద్ బస్సును వట్టి గొంతుతో ఆపాను. ఆ బస్సు అప్పటికే బస్టాపులో ఆగి ఉన్న మాట నిజమే గానీ, నేను అరిచాక అది మళ్లీ కదలడానికి చాలాసేపు పట్టింది. మా బాపు నన్ను చూపించి, వీని నోట్లె నిజం రెండు నిమిషాలు గూడ ఆగదు అని చుట్టాలకు పరిచయం చేసేవాడు. అటువంటి నోటికి మైకు ఇచ్చిన పాపం పార్టీది.

ఆ సంవత్సరం పంచాయతీ ఎన్నికల్లో మా మేనమామ వార్డు మెంబరుగా నిలబడ్డాడు. మా ఊరు అప్పటికింకా మున్సిపాలిటీ కాలేదు. బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్లకు కంపెనీ కట్టించిన క్వార్టర్లు వరసలు వరసలుగా ఉండేవి, వాటిని లైన్లు అనేవాళ్లం. మొదటి లైను నుంచి ఆరో లైను దాకా ఒక వార్డు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు గనక కాగితం మీద పార్టీ లేనట్టే, కానీ కాగితం పక్కన కూర్చున్నది పార్టీయే. మామ ఇరవై ఏళ్లు ఆ పార్టీ జెండా మోశాడు, మీటింగులకు లారీలెక్కాడు, జనాన్ని ఎక్కించాడు. చివరికి ఒక్క వార్డుకు ఆయన పేరు ఒప్పుకున్నారు. అధికారులు పంచిన గుర్తుల్లో ఆయనకు గౌను వచ్చింది. బుర్ర మీసాల మనిషి, భుజాలు దుంగల్లా ఉండేవి, ఆయన ఫోటో పక్కన చిన్నపిల్లలు వేసుకునే కుచ్చుల గౌను. ఆ కరపత్రం చూసి మా అత్త మూడు రోజులు చెంగు నోటికి అడ్డం పెట్టుకునే అన్నం వడ్డించింది.

మామ బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. దిగగానే చేతి కర్రతో పైకప్పును కొట్టి చెవి పెట్టి వినేవాడు. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా మోగితే ప్రమాదం. మంచిగున్నది రాండ్రి అని ఆయన నోటితో అంటేనే మిగతావాళ్లు దాని కిందికి వచ్చి పని మొదలుపెట్టేవాళ్లు. బహుశా ఆ పని వల్లనేమో, ఇంట్లో కూడా ఆయన ఒక మాట అనేముందు కాసేపు ఆగేవాడు. నేను పది మాటలు అనే వేళకు ఆయన ఒకటి అనేవాడు, అది కూడా సగం సార్లు "ఊఁ".

కరపత్రం రాసేటప్పుడే గొడవ మొదలైంది. పార్టీ మండలం పెద్దను అందరూ అన్న అనేవాళ్లు, ఆయనకన్నా పదిహేనేళ్లు పెద్దవాడైన మామతో సహా. మామ రెండే రాయించాడు: పాడైన వీధి లైట్లు వేయిస్తా, మూడో లైను మోరీలో పూడిక తీయిస్తా. అన్న ఆ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"గింతేనా కాకా?"

"నాతోని అయ్యేటియి గీ రెండే."

"అయ్యేటియి ఎవ్వలడిగిండ్రే నిన్ను? రాసేటియి రాయమన్న."

మామ ఊఁ అనలేదు. రెండే రాశారు. మామకు పోటీగా నిలబడ్డాయన బొగ్గు లారీల ఓనరు. ఆయన కరపత్రంలో పదహారు హామీలు, వాటిలో ఒకటి మా వార్డులో లేని చెరువుకు కట్ట.

ఇక్కడ మా లైన్ల పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బాయి పని మూడు షిఫ్టులు. ఊరంతా తిరిగే పగటిపూట ప్రతి లైన్లో కొందరు రాత్రంతా పనిచేసి వచ్చి నిద్రపోతుంటారు. అటువంటి ఇంటివాళ్లు కిటికీకి దుప్పటి కడతారు. దుప్పటి కట్టి ఉందంటే లోపల నైట్ షిఫ్టు మనిషి పడుకున్నాడని గుర్తు. కూరగాయల బండివాడు కూడా ఆ కిటికీ ముందు కేక వేయడు. మామ నాకు పెట్టిన ఒకే ఒక షరతు అది: దుప్పటి కనిపిస్తే మైకు బంద్. నిద్ర లేని మనిషి బాయిలో దిగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అయితే మీరు ఎప్పుడు ఏ లైనుకు పోయినా ఏదో ఒక కిటికీకి దుప్పటి ఉండేది. అంటే మైకు పట్టుకుని తిరిగే నా బోటివాడికి ఆ వార్డులో మైకు పెట్టుకునే చోటే లేదు. ఆటో మలుపు దగ్గర ఆపి, దిగి, తలుపు తలుపుకూ వెళ్లి, మనిషి చెవి దగ్గరికి వంగి గుసగుసగా ఓటు అడగాలి. గోదావరి దాటే గొంతును గుసగుసకు కుదించడమంటే ఎంత నరకమో నన్నడగండి.

ఆరో లైను మొదటి క్వార్టరులో ఖాలా ఉండేది. ఖాలా అంటే పిన్ని, మా అందరికీ ఆమె ఖాలాయే. భర్త బాయిలో బొగ్గు టబ్బులు లాగే యంత్రం నడిపేవాడు. ఆరో లైను వెనకే బొగ్గు లారీలు పోయే మట్టిరోడ్డు. నేను పోయేసరికి ఆమె దండెం మీద బట్టలు తీస్తోంది.

"సప్పుడు చెయ్యకు బేటా, మియా ఇప్పుడే పండుకున్నడు," అంటూ కరపత్రం తీసుకుని, గౌను బొమ్మను చూసి నవ్వుకుని, చేతిలోని అంగీ నా మొహం మీదికి జాపింది. "గిదేం రంగు చెప్పు?"

బూడిద రంగు అన్నాను.

"తెల్లది బేటా ఇది! జుమ్మా నమాజు కోసం పొద్దుగాల ఉతికి ఆరేసిన. సూడు, బాయిల దిగి వచ్చినట్టున్నది. మీ మామ లైటు పెట్టిస్తడట. పెట్టిస్తె ఏం సూడాలె నేను, గీ దుమ్మునా?"

ఏం చెప్పమంటారు? మామ అక్కడ ఉంటే, దుమ్ము నాతోని కాదు చెల్లె అని ఉండేవాడు, ఆమె తలుపు వేసుకుని ఉండేది. నాకు మాత్రం ఎదుటి మనిషి మొహం అలా వాడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం చేతకాదు. నోరు దానంతటదే తెరుచుకుంది. దుమ్ము పనే మామ అసలు పని ఖాలా అన్నాను. బాయి లోపలి రోడ్ల మీద కంపెనీ ట్యాంకరు నీళ్లు చల్లుతుంది కదా, అది ఇకమీద మన లైన్ల వెనక కూడా రోజుకు రెండుసార్లు వస్తుంది, మామ పెద్ద సారుతో మాట్లాడేశాడు, సారు మామ భుజం మీద చెయ్యి వేసి మరీ ఒప్పుకున్నాడు అన్నాను. ఆ భుజం మీద చెయ్యి ఎందుకు వేయించానో ఇప్పటికీ తెలియదు. అబద్ధానికి ఎక్కడో ఒక చెయ్యి ఉండాలనిపిస్తుంది నాకు.

"సచ్? నిజంగనా? మరి మైకుల ఎందుకు చెప్తలేరు?"

"మైకుల చెప్తె లారీలాయన అడ్డం పడడా ఖాలా? ఎవ్వలకు అనకు."

ఎవరికీ అనొద్దన్న మాట మా లైన్లలో ఎంత వేగంగా పోతుందో మీకు నేను చెప్పాలా? సాయంత్రానికి ఆరో లైను, మర్నాటికి ఐదో లైను, నాలుగో లైను. మూడోరోజు మూడో లైన్లో ఒకావిడ నన్నే తలుపు చాటుకు పిలిచి, ఎవరితోనూ అననని నాతో ఒట్టు వేయించుకుని, నేను పుట్టించిన ట్యాంకరు సంగతి నాకే చెప్పింది. అప్పటికి అది రోజుకు మూడుసార్లు వస్తోంది. దుప్పట్లు ఉతుక్కునేవాళ్ల కోసం మూల మీద ఒక గంట ఆగి నల్లా వదులుతోంది. మొదటి లైను చేరేసరికి పండుగ నాడు ఆ నీళ్లలో పన్నీరు కలుపుతారని విన్నాను. పన్నీరు నాది కాదు, ఎవరి మీద ఒట్టు వేయమంటే వాళ్ల మీద వేస్తాను.

నాకు భయం వేసిందా అంటే, లేదు. పొంగిపోయాను. పాత ఎన్నికల్లో వందసార్లు మైకులో అరిచినా కదలని జనం ఒక్క గుసగుసకు కదిలారు. అన్న అయితే నా వీపు తట్టి, ఇరవై ఏండ్ల సంది మాకు తట్టని ముచ్చట నీకు తట్టిందిరా అన్నాడు.

మామకు పోలింగ్ ఇంకా రెండు రోజులుందనగా తెలిసింది. మొదటి షిఫ్టు దిగి, మొహం నిండా బొగ్గుతో ఇంటికి వస్తున్న మనిషిని ఖాలా దారిలో ఆపి, దుమ్ము పోగొడుతున్నవట భాయ్, అల్లా నిన్ను సల్లగ సూడాలె అన్నదట. ఆయనకేమీ అర్థం కాలేదు. ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చున్నాడు.

"ఏందిరా అల్లుడా గా ట్యాంకరు?"

"ఓట్ల కోసం మామా, ఉత్తగ చెప్పిన."

ఆయన వేలి కణుపుతో గడపను ఒకసారి కొట్టి చూశాడు.

"కప్పు డొల్ల మోగుతున్నదనుకో. నేను మంచిగున్నదని చెప్తి. ఎవ్వలు చస్తరు?"

"కిందికి వచ్చినోళ్లు."

"ఆఁ. చెప్పినోడు కాదు."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అల్లి బయటపడేవాణ్ణి. లేచి నేరుగా అన్న దగ్గరికి పోయి, రేపు ఇల్లిల్లూ తిరిగి ట్యాంకరు లేదని చెబుతానన్నాడు. అన్న ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పు కాకా, ఎవ్వలొద్దన్నరు, పోలింగ్ అయినంక చెప్పు అన్నాడు. మామ వినలేదు. మర్నాడు షిఫ్టుకు నాగా పెట్టాడు. పెళ్లిళ్లకు, చావులకు తప్ప నాగా పెట్టని మనిషి. నన్ను వెంటబెట్టుకుని, నేను చేసిన తప్పు నా ఎదురుగానే చెప్పాలని, ఆరో లైను నుంచి బయలుదేరాడు.

ఆయన ఒకటి మరిచిపోయాడు. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. గట్టిగా చెప్పడానికి లేదు. కాబట్టి ఆ పెద్దమనిషి తలుపు తలుపుకూ పోయి, అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగి, గుసగుసగా చెప్పాడు.

"ట్యాంకరు లేదు చెల్లె. రాదు. గిదంత మా అల్లుని పని."

ఖాలా ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది, నెమ్మదిగా తల ఊపింది. "సమజైంది భాయ్. నువ్వు లేదనే అనాలె. మేం గూడ లేదనే అంటం."

"నిజంగనే లేదు చెల్లె!"

"లేదు, లేదు. లారీలోళ్లు అడిగిన్రంటే అసలే లేదు," అని ఆమె కన్ను గీటింది.

ఆరు లైన్లలోనూ అదే జరిగింది. ఎంత లేదంటే అంత ఉందని నమ్మారు. అంతకుముందు అనుమానంగా ఉన్నవాళ్లు కూడా, అభ్యర్థే స్వయంగా ఇల్లిల్లూ తిరిగి గుట్టుగా ఉంచమంటున్నాడంటే ఇందులో ఏదో ఉందని నిశ్చయించుకున్నారు. నాలుగో లైను చివర మామ ఒక అరుగు మీద కూలబడి, ఇగ ఎట్ల చెప్పాలెరా అన్నాడు. నిజం చెబితే ఎవరూ నమ్మకపోవడం నాకు అలవాటే, ఆయనకు కొత్త.

గెలిచాడు. దండలు వేశారు, డప్పులు కొడుతూ లైన్ల వెంట తిప్పారు, దుప్పటి కట్టిన కిటికీ కనబడగానే మామ సైగ చేసి ఆపించాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం పది పన్నెండు మంది ఆడవాళ్లు ఉతకాల్సిన బట్టల మూటలతో రోడ్డు మూల మీద కూర్చున్నారు, ట్యాంకరు కోసం. చీకటి పడేదాకా కూర్చుని, లేచి మామ ఇంటి ముందుకు వచ్చారు. నేను పెరటి దారిన పోదామని చూశాను గానీ అత్త తలుపుకు గొళ్లెం పెట్టేసింది. "నువ్వు కన్న బిడ్డనే అయ్యా, నువ్వే సవరించు," అంది.

మామ కంపెనీ ఆఫీసుకు తిరిగాడు. మా ట్యాంకర్లు లోపలి రోడ్లకే, బయటి రోడ్డు పంచాయతీది అని వాళ్లన్నారు. పంచాయతీలో, లారీలు పోయేది కంపెనీ పనికి గదా, వాళ్లనే అడుగుమన్నారు. అన్న దగ్గరికి పోతే, మీటింగులో ఉన్నాడని, ఊళ్లో లేడని, ఇప్పుడే పోయాడని చెప్పేవాళ్లు. ఇలా నెల గడిచాక ఒక ఆదివారం మామ ఎక్కడి నుంచో తోపుడు బండి ఒకటి తెచ్చాడు. దాని మీద డ్రమ్ము, డ్రమ్ముకు కింద ప్లాస్టిక్ పైపు, పైపుకు మేకుతో వరసగా పొడిచిన బొక్కలు. పొద్దున షిఫ్టుకు పోకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, ఆరో లైను వెనక రోడ్డు మీద ఆ బండి నడవాలి. మామా, రోజుకొకసారి చాలదా అని అడిగితే, "రెండుసార్లని చెప్పింది ఎవ్వలురా?" అన్నాడు. ఆయన ముందు లాగాలి, నేను వెనక తొయ్యాలి. ట్యాంకరును పుట్టించినవాణ్ణి ట్యాంకరుకు ఎద్దునయ్యాను.

మనసు పెట్టి చల్లేవాళ్లం, చెప్పుకోవడానికి సిగ్గేముంది. నేను చల్లిన చోట రెండోరోజుకల్లా గడ్డి మొలిచిందని చెబుదామనే ఉంది, కానీ లారీల చక్రాల కింద గడ్డికి అంత తీరిక ఎక్కడిది. పది నిమిషాల్లో ఆరిపోయేది. ఆరకముందే లారీ వస్తే దుమ్ము బదులు నల్లటి బురద లేచి దండెం మీది బట్టలపై చుక్కలు చుక్కలుగా పడేది. దుమ్మయితే దులిపితే పోయేది. ఖాలా ఒకరోజు అంగీ పట్టుకుని వచ్చి, మామ చెమటలు కారుస్తూ బండి లాగడం చూసి, ఆ అంగీ వెనక్కు దాచుకుని ఇంటికి పోయింది. మామ ఆపలేదు. దగ్గు మొదలైంది, ఆపలేదు. మూడు నెలలు. ఒక వార్డు మెంబరు తోపుడు బండి లాగడం చూసి పంచాయతీలో నవ్వుకునేవాళ్లు. ఆయన ఊఁ అనేవాడు.

చివరికి ఆడవాళ్లకే విసుగొచ్చింది. ఒక పొద్దున మేము బండితో పోయేసరికి లారీల రోడ్డుకు అడ్డంగా ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తాళ్లు కట్టి ఉన్నాయి. తాళ్ల నిండా చీరలు, అంగీలు, దుప్పట్లు, అన్నీ తడివి. లారీలు వరసగా ఆగిపోయాయి. డ్రైవర్లు హారన్లు కొడితే, ఖాలా కిటికీ దుప్పట్ల వైపు చెయ్యి చూపించి, సప్పుడు చెయ్యకుండ్రి, మనుషులు పండుకున్నరు అంది. హారన్లు కూడా ఆగిపోయాయి. మామ బండి వదిలి వచ్చి ఆమె పక్కన రోడ్డు మీద కూర్చున్నాడు.

"ఇగ నీ బండి బంద్ చెయ్యి భాయ్," అంది ఖాలా. "నువ్వు లేదన్నది నిజమేనని మొదటి నెలలనే సమజైంది. గీ మూడు నెలలు నువ్వు ఎప్పుడు ఆపుతవా అని చూస్తున్నం."

ఆ పూట లారీల ఓనరు వచ్చాడు, కంపెనీ ఇంజనీరు వచ్చాడు, మీటింగులో ఉన్న అన్న కూడా వచ్చాడు. మధ్యాహ్నానికి ఒప్పందం కుదిరింది. రెండు రోజులకు నిజంగానే ట్యాంకరు వచ్చింది. నేను నా కళ్లతో చూసినా నమ్మలేదు. అన్న దాని ముందు కొబ్బరికాయ కొట్టి ఫోటో దిగాడు. మామ ఆ ఫోటోలో లేడు, షిఫ్టులో ఉన్నాడు. ఆ ఎండాకాలమంతా ట్యాంకరు తిరిగింది. వానలు పడ్డాక అవసరం లేదని ఆపారు, మళ్లీ ఎండలు వచ్చాక రాలేదు. మామ మళ్లీ తిరిగాడు, మళ్లీ అడిగాడు, ఆడవాళ్లు మళ్లీ తాళ్లు కట్టారు. ప్రతి ఏడూ అదే పోరు, ఐదేళ్లూ.

తర్వాతి ఎన్నికలకు మామ ఈసారి కూడా నిలబడతానని అన్న దగ్గరికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను. అన్న టీ తెప్పించాడు, బాగోగులు అడిగాడు, అప్పుడు చెప్పాడు.

"నువ్వు మంచోనివి కాకా. కని నీతోని అందరికీ పరేషాన్ అయితున్నది. నువ్వొక్కనివి మాట మీద నిలవడితివి, ఇప్పుడు పది వార్డులల్ల జనం మమ్ముల పట్టుకోని అడుగుతున్నరు, ఆయన చేసిండు మీరెందుకు చెయ్యరని."

పార్టీ మద్దతు లారీల ఓనరుకు ఇచ్చారు, ఆయన అప్పటికి మా పార్టీలో చేరి రెండు వారాలయింది. మామ టీ తాగి, కప్పు కింద పెట్టి, లేచి వచ్చేశాడు.

ఇక నా సంగతి. మీ దగ్గర దాచడమెందుకు, మైకు నేనే పట్టాను, లారీల ఓనరు కోసం. నాకు వేరే పని రాదని నాకు నేను చెప్పుకున్నాను. పదహారు హామీలు ఇరవై ఒకటయ్యాయి, నేను ఇరవై రెండోది కలిపాను. మామ వీధికి పోక తప్పలేదు. రిటైరయ్యాక ఆయన క్వార్టరు ఖాళీ చేసి, మా వార్డులోనే కొత్తగా కలిపిన పక్క కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆటో మలుపు తిరగగానే చూశాను, ఆ ఇంటి కిటికీకి దుప్పటి కట్టి ఉంది. చెయ్యి దానంతటదే మైకు ఆపేసింది. దిగి వెళ్లి తలుపు తట్టాను. అత్త తలుపు సందులోంచి, నా మొహం చూడకుండా, మీ మామ పండుకున్నడు, నైట్ షిఫ్టు అంది. ఆయన రిటైరై ఏడాది దాటింది. ఆమె భుజం మీదుగా, మంచం మీద కూర్చుని టీ తాగుతున్న మనిషి వీపు నాకు కనబడుతూనే ఉంది. నేను గుసగుసగా, సరే అత్తా అని వచ్చేశాను. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదని కాదు, పెళ్లిళ్లలో, చావుల్లో కలిశాం, ఆయన మంచిగున్నవారా అనేవాడు, నేను మంచిగున్న మామా అనేవాణ్ణి. ఆయన పోయి నాలుగేళ్లు. ఖాలా కొడుకు దగ్గరికి పోయింది. నేను మైకు ఎప్పుడు వదిలేశానో నాకే సరిగ్గా గుర్తులేదు.

ఆ ఆటోను తిట్టుకున్న రోజు సాయంత్రమే, వాళ్ల మనుషులు గుంపుగా మా వీధికి కరపత్రాలు పంచడానికి వచ్చారు. ఫోన్లు చూసుకుంటూ గేట్లలో కాగితాలు గుచ్చి పోతున్నారు. మా పక్కింట్లోకి కొత్తగా దిగిన అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఆ కాగితం చూస్తోంది. ఎందుకో మరి, ఇన్నేళ్లకు మళ్లీ నా నోరు ఊరుకోలేదు. అమ్మా, వీళ్లు గెలిస్తే మన వీధి వీధంతటికీ పైన రేకుల కప్పు వేసి, కింద ఏసీ పెట్టిస్తరట, ఎండాకాలం ఇంట్లో కన్నా రోడ్డు మీదనే సల్లగ ఉంటదట అన్నాను, ఏమాత్రం నవ్వని మొహంతో, మంచి రోజుల్లో ఎలా చెప్పేవాణ్ణో అలాగే. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆశ్చర్యపోలేదు. సరే అంకుల్ అని, కాగితాన్ని మడిచి చెత్తబుట్ట మూత మీద పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను గేటు పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడ్డాను, ఆమె మళ్లీ తలుపు తీసి, ఎప్పుడు వేస్తారని కాకపోయినా, నీకేమన్నా పిచ్చా అనైనా అడుగుతుందేమోనని.